బేలు మీద చెయ్యి

ఫిలాసఫీ చదివితే ఏం ఉద్యోగం వస్తుంది అంకుల్ అని మా వీధి చివరింటి అమ్మాయి మొన్న అడిగింది. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. వాళ్ల నాన్న పక్కనే నిలబడి, ఆ చదువు గురించి నేను నాలుగు చెడ్డమాటలు చెబితే బాగుండునన్నట్టు చూస్తున్నాడు. పత్తి బేళ్ల మీద చెయ్యి పెట్టి చూసే ఉద్యోగం వస్తుందమ్మా అన్నాను. ఆయన నవ్వాడు, అమ్మాయి చిన్నబుచ్చుకుంది. నేను ఎగతాళి చేయలేదు. నా మొదటి ఉద్యోగం అదే. రిటైరయ్యేదాకా నాకు తిండి పెట్టిన రెండో ఉద్యోగం కూడా దాంట్లోంచే పుట్టింది. వాకిట్లో నిలబడి చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయిలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉంటే చదువుకుంటారు.

మాది ఎమ్మిగనూరు. నాన్న మగ్గం నేసేవాడు. నేను తిరుపతికి బయల్దేరింది ఎకనామిక్సులో ఎమ్మే చేరాలని. బస్సు దారిలో చెడిపోయింది. నేను చేరేసరికి ఆ సీట్లు అయిపోయాయి. వరండా చివర ఒక గదిలో మాత్రం పెద్దాయన ఒకరు కిటికీ పక్కన కూర్చుని వేరుశనక్కాయలు వొలుచుకుంటున్నారు. "ఎండన పడి వచ్చినట్టున్నావు, కూర్చో" అన్నారు. కూర్చున్నాను. అది ఫిలాసఫీ గది. ఇక రెండేళ్లు లేవలేదు. ఆ రెండేళ్లూ నాకు ఇప్పటికీ మధ్యాహ్నపు కునుకులో వచ్చిన కలలాగే ఉంటాయి. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పుందని మనకు ఎలా తెలుస్తుంది అనే ఒక్క ప్రశ్న మీద ఆయన వానాకాలమంతా పాఠం చెప్పారు. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, సరే. మరి నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాల్చిన ఇనుప గుండు చూడండి, నిప్పుంది, పొగేదీ? ఇలా సాగేది. బయట వాన పడుతుండేది. ఎవరికీ తొందర ఉండేది కాదు.

పట్టా తీసుకుని ఇంటికి వస్తే నాన్న దాన్ని వెలుతురుకు పట్టి, నేత ఎట్లా ఉందో చూసినట్టు చూశాడు. "బాగుందప్పా. వేదాంతం సదివినోనికి యాడ కొలువు? మఠంలోనా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఒక ఏడాది ఆయన పక్కన కూర్చుని కండెలు చుట్టాను. వీధిలోవాళ్లు పోతూ పోతూ "సామీ, మోక్షం యాడిదాకా వచ్చింది?" అని పలకరించేవాళ్లు. నవ్వేవాణ్ణి గానీ లోపల చాలా అవమానంగా ఉండేది.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఒక షావుకారుకు నాన్న నేసిన పంచెలంటే ఇష్టం. ఆయన జిన్నింగు మిల్లులో గోడౌను చూసుకోవడానికి మనిషి కావాలంటే నాన్న నన్ను వెంటబెట్టుకుని పోయాడు. షావుకారు దిండుకు ఆనుకుని కూర్చుని, నా చదువేమిటో విని, కాసేపు ఆలోచించి అడిగాడు.

"ఆత్మ ఉండాదా, లేదా?"

"ఉందంటే ఎలా తెలుసని అడగాలి. లేదన్నా ఎలా తెలుసని అడగాలి" అన్నాను.

నాన్న నేలచూపులు చూశాడు. పని పోయినట్టే అనుకున్నాడు. షావుకారు మాత్రం తన పెద్ద గుమాస్తా వైపు తిరిగి, "గోడౌనుకు ఇట్లాంటోడే కావాల. ఎవురేం సెప్పినా నమ్మడు" అన్నాడు. పెద్ద గుమాస్తాకు ఆ మాట నచ్చలేదు. ఆ మిల్లులో అప్పటిదాకా అందరూ నమ్మేది ఆయన చెప్పిన మాటే.

ఆ మిల్లు గురించి కొంచెం చెప్పాలి. ఊళ్లనుంచి బండ్ల మీద వచ్చిన పత్తిని జిన్నుల్లో పెడితే గింజ ఒకవైపు, దూది ఒకవైపు పడుతుంది. ఆ దూదిని ప్రెస్సులో అదిమి, గోనెపట్ట చుట్టి, ఇనుప పట్టీలు బిగిస్తే బేలు అవుతుంది. బేళ్లను ఇంటికప్పు ఎత్తున పేర్చి పెడతారు. వాటికి నేను కాపలా. పొద్దునా సాయంత్రం బేళ్ల మధ్య సందుల్లో నడుస్తూ వాటి మీద చెయ్యి పెట్టి చూడాలి, ఏదన్నా వెచ్చగా ఉందేమోనని. అంతే పని. గాలిలో ఎప్పుడూ సన్నని దూది తేలుతుండేది. కిటికీలోంచి ఎండ పడితే అది కదలకుండా నిలబడినట్టు కనిపించేది. జిన్నుల చప్పుడు దూరంగా, ఎవరో నిద్రలో మాట్లాడుతున్నట్టు వినిపించేది. ఆ సందుల్లో నడుస్తుంటే నేను ఎక్కడున్నదీ మరిచిపోయేవాణ్ణి. తిరుపతిలో పెద్దాయన గదిలోనే ఉన్నట్టుండేది.

చేరిన వారంలోనే ఒక ఘనకార్యం చేశాను. జిన్నుల షెడ్డులో ఎర్ర బకెట్లు వేలాడుతుంటే పక్కనున్నవాణ్ణి, "ఇవి నిప్పు ఆర్పేవేనా?" అని గట్టిగా అడిగాను. షెడ్డంతా చేతులు ఆపేసి నా వైపు తిరిగింది. ఆ కాంపౌండులో ఆ మాట ఎవరూ అనరట. పాముని పురుగు అన్నట్టు, దాన్ని "ఎర్రమ్మ" అనాలి. అదీ తప్పనిసరైతేనే. నోట ఆ మాట వచ్చినవాడు దాన్ని ఇంట్లోకి పిలిచినట్టు లెక్క. పెద్ద గుమాస్తా వచ్చి నా నెత్తిన పసుపునీళ్లు చల్లించి, ఆ పూటకు ఇంటికి పొమ్మన్నాడు. తడిసిన చొక్కాతో బజార్లో నడిచిపోతుంటే, మాట పలికితే వస్తువు వస్తుందనే సంగతి మీద మా పెద్దాయనైతే ఇంకో వానాకాలం పాఠం చెప్పేవారు కదా అనిపించింది.

ఎవరేది చెప్పినా "ఎలా తెలుసు?" అని అడిగే అలవాటు వల్ల నాకు "ఎట్లదెలుసప్ప" అని పేరు పడింది. అట్లా పిలవడం మొదలుపెట్టింది ఒక పెద్ద హమాలీ. కౌతాళం దగ్గరి పల్లె ఆయనది. మాటలో సగం కన్నడం. బేలును వీపు మీద మోసుకుంటూ నా పక్కనుంచి పోతూ, "ఎట్లదెలుసప్పా, ఇది బరువుండాదని నాకెట్ల తెలుసు?" అనేవాడు. "వీపు చెబుతుంది" అంటే, "హౌదప్పా, వీపే సెప్తాది" అని సాగిపోయేవాడు. బీడీ లేకుండా ఆయన చెవి ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. కాంపౌండులో తాగకూడదు. కానీ గోడ చాటున తాగనివాడు ఎవడూ లేడు.

శివరాత్రి దాటిన తర్వాత, ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం బయట పేర్చిన బేళ్ల లాటుకు అంటుకుంది. ఆ హమాలీ ఆ నీడనే తుండు పరుచుకుని పడుకుని ఉన్నాడు. ముందు కేకేసిందీ ఆయనే. "ఎర్రమ్మ" అని కూడా అనకుండా ఊరికే అరిచాడు. తొట్టినుంచి లాటుదాకా మనుషులు బారుగా నిలబడి నీళ్లందించారు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. లాటులో ఒక మూల పోయింది. అంతా అయ్యాక తడిసిన బూడిద వాసనలో అందరం నిలబడి ఉంటే పెద్ద గుమాస్తా వంగి నేలమీదనుంచి బీడీ ముక్క ఒకటి ఏరాడు.

"బీడీ ముక్క ఈడుంది. బీడీ తాగేటోడు ఈడుండాడు. ఇంకేం కావాల?"

అందరి కళ్లూ హమాలీ మీదికి పోయాయి. ఆయన తుండు దులుపుకుంటూ నిలబడ్డాడు. నేను చేసిన పని కాదు అంటాడని ఎదురుచూశాను. అనలేదు.

ఆ కాలంలో ఆదోనిలో మిల్లు అంటించినవాడన్న పేరు పడితే ఇంకే మిల్లు గేటూ దాటనివ్వరు. పత్తి పేటలో మూట మోయడం తప్ప ఆయనకు ఇంకో పని తెలియదు. ఆ వయసులో పల్లెకు పోతే కూలికి పిలిచేవాడు లేడు. ఇది నాకు అర్థమైంది. షావుకారు దగ్గరికి పోయి, "ఈ కాంపౌండులో బీడీ ముక్క దొరకని జాగా ఒకటి పెద్ద గుమాస్తాను చూపించమనండి" అన్నాను.

"అంటే?"

"ముక్క అక్కడ ఉండటం వల్ల ఏమీ తేలదు. కాలిన బేళ్లు చూశారా? పైన గోనెపట్ట సగం నిలిచే ఉంది, లోపల గుల్ల. బీడీ పడి అంటుకుంటే పైనుంచి లోపలికి కాలాలి. ఇది లోపలినుంచి బయటికి వచ్చినట్టుంది. ప్రెస్సు చేసేటప్పుడే దూదిలో..." అని ఆ మాట నోటిదాకా వచ్చి ఆగాను. "ఎర్రమ్మ కూర్చుని ఉండొచ్చు. పొగ లేకుండా."

షావుకారుకు ఇలాంటి మాటలంటే ఇష్టం. పెద్ద గుమాస్తాకు మంట. "జిన్నులో రవ్వ లేస్తే ఆడోళ్లు సూడరా? ఎవురూ ఏం సెప్పలేదే" అన్నాడు. నేను జిన్నుల షెడ్డుకు పోయి వరసగా అందరినీ అడిగాను. ఎవరూ ఏమీ చూడలేదన్నారు. ఆఖరి జిన్ను దగ్గర ఒక బూబమ్మ పనిచేసేది. వితంతువు, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి. ఆమె మాత్రం తలెత్తకుండా, "నాకేం తెల్దు సారూ" అంది. అడగకముందే అంది.

చివరికి షావుకారు ఒక మాటకు వచ్చాడు. కాలిన బేళ్లు ప్రెస్సయిన రోజే ప్రెస్సు చేసిన మిగతా బేళ్లన్నీ కాంపౌండు బయట ఖాళీ జాగాలో దూరదూరంగా పెట్టాలి. బీమా సర్వేయరు బళ్లారినుంచి వచ్చేదాకా నేను, హమాలీ వాటికి కాపలా ఉండాలి. ఒక్కటైనా లోపలినుంచి రాజుకుంటే నా మాట నిజం. లేకపోతే హమాలీ వెళ్లిపోవాలి.

యువకులారా, మీకు నవ్వొస్తుందేమో గానీ, నా ఉద్యోగ జీవితంలో నేను అత్యంత సుఖంగా ఉన్నవి ఆ రోజులే. బయలు. చుట్టూ ఎర్రనేల, మధ్యలో బేళ్లు, ప్రెస్సు చేసిన వరసలోనే. ఒక వేపచెట్టు నీడలో మేమిద్దరం. గంటకోసారి లేచి ఒక్కొక్క బేలు దగ్గరికీ పోయి అరచెయ్యి ఆనించేవాళ్లం, జ్వరం చూసినట్టు. మళ్లీ వచ్చి కూర్చునేవాళ్లం. గాలికి దూది పీచు కొట్టుకొచ్చి ఆయన మీసానికి అంటుకునేది. దూరంగా కొండలు ఎండకు నీలంగా కరిగిపోతుండేవి. మన ఎదుట ఉన్నదాంట్లో ఏదో ఉండొచ్చు, ఉండకపోవచ్చు, కూర్చుని చూడటమే పని. తిరుపతి పెద్దాయన నాకు నేర్పింది ఇదేననిపించింది. ఒక మనిషి అన్నం దీనిమీద ఆధారపడి ఉందన్న సంగతి ఉండుండి గుర్తొచ్చి, అంత సుఖంగా ఉన్నందుకు సిగ్గేసేది.

ఆ రోజుల్లో ఆయన చెవి మీద బీడీ లేదు. ఒకసారి సూటిగా అడిగాను. "ఆ పొద్దు తాగినావా పెద్దాయనా?"

ఆయన వినబడనట్టు కొండల వైపు చూశాడు. "మా ఊరి పక్కన కాలవ పారుతాదప్పా. ఇప్పుడు మడికి నీళ్లు పెట్టింటారు" అన్నాడు.

ఏ బేలూ రాజుకోలేదు. అన్నీ చల్లగానే ఉన్నాయి. తెల్లవారుజాము గాలికి ఇంకా చల్లబడేవి. పెద్ద గుమాస్తా రోజూ వచ్చి దూరంనుంచే, "ఏం సామీ, పలికిందా ఎర్రమ్మ?" అని అడిగి పోయేవాడు. ఆయన చెడ్డవాడు కాడు. అంటించినవాడు ఒకడు దొరికితే మిగిలినవాళ్లు నిశ్చింతగా పనిచేసుకుంటారని నమ్మేవాడు.

సర్వేయరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తెల్లచొక్కా వేసుకుని, ఎక్కువ మాట్లాడని మనిషి. నేను చెప్పిందంతా విన్నాడు. బేళ్లు తాకి చూశాడు. "చల్లగున్నాయి" అన్నాడు.

"చల్లగున్నంత మాత్రాన లోపల ఏమీ జరగలేదని చెప్పలేం" అన్నాను. "ఒకటి కోసి చూడనివ్వండి."

కోసిన బేలును మళ్లీ ప్రెస్సు చేయాలి, బండి ఖర్చు, కూలి ఖర్చు. షావుకారు నా ముఖం చూసి, "ఒక్కటంటే ఒక్కటి" అన్నాడు. మిల్లంతా పని ఆపి వచ్చి చుట్టూ నిలబడింది. ఏది ఎంచుకోవాలో నాకు తెలియదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. హమాలీ వైపు చూశాను. "ఏదైతేనేమప్పా" అన్నాడు. మధ్యలో ఒకదాన్ని చూపించాను. పట్టీలు తెంచారు. గోనెపట్ట విప్పారు. పొరలు పొరలుగా దూది ఉబ్బి పైకి లేచింది. తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా. చూడటానికి ఎంత అందంగా ఉందో, అంత బాధేసింది నాకు.

హమాలీ వంగి తన తుండు తీసుకుని భుజాన వేసుకున్నాడు. గుంపు పక్కకు జరిగి ఆయనకు దారి ఇచ్చింది.

అప్పుడు ఆడవాళ్ల వెనకనుంచి బూబమ్మ ముందుకు వచ్చింది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. దాన్ని తీసేసింది.

"నిప్పు" అంది. గట్టిగా, అందరికీ వినబడేటట్టు. "నా జిన్నులో నిప్పు రవ్వ లేసింది. గింజల్లో రాయో, మేకో ఏదో వచ్చి తగిలింది. పైన కనబడినంత తీసి తొక్కేసినా. లోపలికి ఎంత పోయిందో నాకు తెల్దు. ఆ దినం ఆఖరి గంప అది, పొద్దుగూకేటప్పుడు."

జిన్నుల షెడ్డులో అందరూ నా మాటకు తిరిగి చూసిన రోజుకంటే ఎక్కువ నిశ్శబ్దమైంది. ఎవరో ఆడమనిషి "అయ్యయ్యో బూబమ్మా" అంది సన్నగా.

"ముందే యాల సెప్పలేదు?" అన్నాడు పెద్ద గుమాస్తా.

"ఆ మాట యాడ అననిచ్చినారు మీరు? అంటే నేనే పిలిసినానంటారు. పనిలోంచి తీసేస్తారు. నాకిద్దరు పిల్లోళ్లు." ఆమె హమాలీ వైపు చెయ్యి చూపించింది. "ఆ ముసలాయప్పకు కూడా ఇల్లుండాది కదా సారూ."

సర్వేయరు ఆమెను ఇంకేమీ అడగలేదు. వరసలో చివర ఉన్న బేలు దగ్గరికి నడిచి, "ఇది" అన్నాడు. షావుకారు వద్దనలేదు.

పై పొరలు తెల్లగానే వచ్చాయి. తర్వాత కొంచెం పసుపు తిరిగింది. ఇంకో పొర లేపితే గోధుమరంగు. ఆ కింద, సరిగ్గా మధ్యలో, పిడికిలి పట్టేంత నల్లటి గుంత. బొగ్గు. వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది. లోపల ఎప్పుడో రాజుకుని, గాలి చాలక, ఎవరికీ తెలియకుండా తనంతట తానే ఆరిపోయింది. మనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అందులోకి తొంగి చూశారు, బావిలోకి చూసినట్టు. పెద్ద గుమాస్తా కూడా చూశాడు. చూసి కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

బూబమ్మను పనిలోంచి తీయలేదు. పసుపునీళ్లు మాత్రం చల్లారు, అది తప్పలేదు. కొన్నాళ్లు ఎవరూ ఆమె పక్కన కూర్చుని అన్నం తినలేదు. హమాలీ మాత్రం తన సద్దిమూట తెచ్చుకుని ఆమెకు ఎదురుగా కూర్చునేవాడు. తర్వాత షావుకారు జిన్నుల షెడ్డులో ఒక రైలుపట్టా ముక్క వేలాడదీయించాడు. రవ్వ కనబడితే దాన్ని కొట్టాలి. నోటితో ఏమీ అననక్కర్లేదు. ఆ మాట అనకూడదన్న నియమం అలాగే ఉండిపోయింది, బేళ్లు కూడా దక్కాయి. ఇలాంటి పరిష్కారం మా సిలబస్‌లో లేదు.

నేను గెలిచాననుకున్నాను. తెగ మురిసిపోయాను కూడా. ఆ వారమే ఒక సాయంత్రం గోడౌను గడప మీద కూర్చుని ఉంటే హమాలీ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎట్లదెలుసప్పా, ఒక మాట. ఆ పొద్దు నేను బీడీ తాగినానో లేదో నాకే తెల్దు."

చేతిలోని గోడౌను తాళాలు గడప మీద పెట్టాను.

"రోజూ తాగుతాంటా గద. ఏ పొద్దు తాగినానో, ఏ పొద్దు తాగలేదో ఎవురు గుర్తు పెట్టుకుంటారు? అందరూ నువ్వే అన్నారు. హౌదు, నేనే అయ్యుంటా అనుకున్నా. నాకు కండ్ల ముందర కనపడింది కూడా, బీడీ పడేసినట్టు. ఇప్పుడు మీరందరూ నేను కాదంటాండారు. ఇప్పుడు అది కనపడటంలే." ఆయన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "మీ సదువులో దీనికి ఏమన్నా ఉండాదా?"

ఆ నల్లటి గుంత ఆ బేలుదే. కాలిపోయిన లాటు సంగతి అది చెప్పలేదు. నాకు ఆ సంగతి ఆయన అడిగేదాకా తట్టలేదు. "లేదు పెద్దాయనా" అన్నాను. "ఉంటే నేనే ముందు చదువుకునేవాణ్ణి." ఆయన నవ్వాడు. పొద్దు కుంకేదాకా ఇద్దరం ఊరికే కూర్చున్నాం. గేటు బయట బండ్లు పోతున్నాయి. ఆయన ఆ తర్వాత బీడీ చెవి మీద పెట్టుకునేవాడు గానీ వెలిగించగా నేను చూడలేదు.

ఎనభైల మొదట్లో ఆ బళ్లారి సర్వేయరు నన్ను తన దగ్గరికి రమ్మని కబురు చేశాడు. "ఎలా తెలుసు అని అడిగేవాళ్లు మా పనిలో తక్కువ" అన్నాడు. అప్పట్నుంచి నేను కాలిపోయిన వాటి దగ్గరికి పోయి అది ఎట్లా కాలిందో ఆలోచించే పని చేశాను. మిల్లులు, దుకాణాలు, గడ్డివాములు. తుగ్గలి దగ్గర ఒక కళ్లం, దేవనకొండలో ఒక కిరాణా కొట్టు. ప్రతిచోటా "ఫలానావాడే" అని వేలు చూపించేవాళ్లు సిద్ధంగా ఉండేవాళ్లు. ఆ ఫలానావాడు ఒక్కోసారి మాట్లాడకుండా నిలబడి ఉండేవాడు. నేను ముందు ఆ మనిషి దగ్గరికి పోయేవాణ్ణి. నాన్న నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే, "మావోడు బూడిద సదువుతాడు" అని గర్వంగా చెప్పేవాడు.

మిల్లు వదిలి వస్తున్న రోజు అందరికీ చెప్పి గేటు దాకా వచ్చాను. హమాలీ బేలు దించి, చెమట తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు. ఏదో అంటాడనుకున్నాను. ఆయన నన్ను అటు తిప్పి, నా వీపు మీద అరచెయ్యి ఆనించి, ఆ బయల్లో మేమిద్దరం బేళ్లను చూసినట్టే, కాసేపు అలాగే ఉంచాడు.

"ఏం తెలిసింది పెద్దాయనా?" అని అడిగాను.

"పైకేం తెలీదప్పా" అన్నాడు. "పోయిరా."